గోలు ముందు గోల

ప్రశ్న: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు వదలకుండా చూస్తాను. కార్నర్ (మైదానం మూలనుంచి కొట్టే కిక్) కొట్టేముందు గోల్‌కీపర్ చుట్టూ నలుగురైదుగురు మూగి తోసుకుంటుంటారు. గోలు పడితే ఓడిన జట్టు మేనేజర్ మైకు ముందుకొచ్చి, మా కీపర్‌ని కాపాడే దిక్కు లేదంటాడు. అదే గోలును రిఫరీ కొట్టేస్తే అవతలి మేనేజర్, ఈ కీపర్ల మీద ఈగ వాలనివ్వరేమిటంటాడు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరివీ సగం సగం. నేను మొదట గోల్‌కీపర్‌ని, మోకాళ్లు అరిగాక రిఫరీని. రెండు ఉద్యోగాల్లోనూ కడుపునిండా తిట్లు తిన్నాను. నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. ఆ రోజు ఫౌల్ విజిల్ మోగింది గానీ, వేలు మాత్రం మళ్లీ తిన్నగా రాలేదు. కాబట్టి నా మొగ్గు కీపర్ల వైపే ఉంటుందని ముందే తెలుసుకుని చదవండి.

నియమం కీపర్‌కు ప్రత్యేకంగా ఇచ్చే రక్షణ మీరు అనుకునేదానికన్నా చాలా తక్కువ. బంతి అతని చేతుల్లో అదుపులో ఉన్నంతసేపు ఎవరూ దాని కోసం మీద పడకూడదు. అరచేతికీ నేలకీ మధ్య అదిమిపెట్టినా, గుండెకు హత్తుకున్నా, నేలకేసి కొట్టి మళ్లీ అందుకుంటున్నా అదుపులో ఉన్నట్టే లెక్క. ఆ బంతిని విడిచిపెట్టబోతుంటే అడ్డం పడటమూ తప్పే. ప్రత్యేక హక్కు ఇంతటితో సరి. గాల్లో ఉన్న బంతి కోసం ఎగిరే కీపరూ, అతని పక్కన ఎగిరే స్ట్రైకరూ నియమాల పుస్తకం దృష్టిలో సమానులు. ఆరు గజాల బాక్సులో కీపర్‌ని ముట్టుకుంటే చాలు ఫౌల్ అన్నది స్టాండ్స్‌లో పుట్టిన నియమం, పుస్తకంలో లేదు.

చేతులతో పట్టి లాగితే, తోస్తే ఫౌల్. అది ఎవరి మీదైనా ఒకటే. కానీ ఊరికే ముందు నిలబడటం తప్పు కాదు. మైదానంలో ఎవరు నిలుచున్న చోటు వాళ్లది. కదిలివచ్చి దారికి అడ్డుపడితేనే తప్పు. ఈ రెండింటికీ మధ్య తేడా అరడుగు కూడా ఉండదు. బాక్సులో డజనుకు పైగా మనుషులు కదులుతుండగా ఆ అరడుగు చూడాలి. విజిల్ పట్టుకుని ఒక్క కార్నర్‌కైనా నిలబడితే తెలుస్తుంది ఆ కష్టం.

చాలామంది పట్టించుకోని చిక్కు ఇంకోటుంది. కార్నర్ కొట్టకముందు బంతి ఆటలో లేనట్టే. అప్పుడు ఎవరు ఎవర్ని నెట్టినా రిఫరీ ఫ్రీ కిక్ ఇవ్వలేడు. ఆపి హెచ్చరించవచ్చు, ఎల్లో కార్డు చూపవచ్చు, మళ్లీ కార్నరే కొట్టించాలి. ఈ సందును కోచ్‌లు బాగా కనిపెట్టారు. 2024 ఏప్రిల్‌లో టోటెన్‌హామ్‌తో మ్యాచ్‌లో ఆర్సెనల్ ఆటగాడు బెన్ వైట్, కార్నర్‌కు ముందు కీపర్ వికారియో గ్లవ్ పట్టీ లాగబోవడం కెమెరాలకు దొరికింది. చూసి నవ్వుకున్నాం, కానీ కీపర్‌గా ఆడినవాడికి నవ్వు రాదు. బంతి వచ్చే ఆ ఒక్క క్షణం మనసు గ్లవ్ మీద ఉందంటే పని అయిపోయినట్టే.

ఇక, రక్షణ అసలే లేదనేవాళ్లు ఒక్కసారి పాత కప్ ఫైనళ్లు చూడాలి. 1957 ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ ఫైనల్ మొదలైన కొద్ది నిమిషాలకే ఆస్టన్ విల్లా ఫార్వర్డ్ మెక్‌పార్లాండ్ ఢీకొని మాంచెస్టర్ యునైటెడ్ కీపర్ రే వుడ్ చెంప ఎముక విరిగింది. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. డిఫెండర్ బ్లాంచ్‌ఫ్లవర్ గోల్లో నిలబడ్డాడు. విల్లా 2-1తో గెలిచింది, రెండు గోళ్లూ మెక్‌పార్లాండ్‌వే. మరుసటేడు ఫైనల్లో బోల్టన్ ఆటగాడు నాట్ లాఫ్ట్‌హౌస్ అదే యునైటెడ్ కీపర్ స్థానంలో ఉన్న హ్యారీ గ్రెగ్‌ని భుజంతో గుద్ది బంతితో సహా గోల్లో పడేశాడు. రిఫరీ గోలు ఇచ్చాడు! ఇవాళ అలాంటిది జరిగితే ఫౌల్ అనడానికి వీడియో కూడా చూడనక్కర్లేదు.

మేనేజర్ల మాటకొస్తే, నేను రిఫరీగా ఉన్నప్పుడు ఒకే కోచ్ ఒకే సీజన్లో ఈ రెండు వాదనలూ నా మొహం మీదే చేశాడు. అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. పెద్ద లీగ్‌లో కుండలు ఖరీదైనవి, అంతే తేడా.

ప్రశ్న: రిఫరీ నిజంగానే తప్పు చేస్తే మేనేజర్ నోరు మూసుకోవాలా? మాట్లాడినందుకు జరిమానా వేయడం అన్యాయం కాదా?

జవాబు: మాట్లాడొచ్చు. తీర్పు తప్పు అనడం వేరు, తీర్పు చెప్పినవాడు తప్పుడు మనిషి అనడం వేరు.

2023 నవంబర్‌లో న్యూకాజిల్ చేతిలో 1-0తో ఓడాక ఆర్సెనల్ మేనేజర్ ఆర్టెటా ఆ గోలు ఇవ్వడం సిగ్గుచేటని మండిపడ్డాడు. ఎఫ్‌ఏ అభియోగం మోపింది. స్వతంత్ర కమిషన్ మాత్రం రుజువు కాలేదని తేల్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లివర్‌పూల్ మేనేజర్ క్లాప్, రిఫరీ పాల్ టియర్నీకి మా క్లబ్ మీద ఏదో ఉందన్నట్టు మాట్లాడాడు. 75,000 పౌండ్ల జరిమానాతో పాటు టచ్‌లైన్ నిషేధం (మ్యాచ్ జరుగుతుండగా మైదానం పక్కన నిలబడకూడదని) పడింది. గీత ఎక్కడుందో ఇప్పుడు కనబడుతోంది కదా? మ్యాచ్‌కు ముందైతే ఆ గీత ఇంకా గట్టిది. రాబోయే మ్యాచ్ రిఫరీ గురించి ఇంగ్లండ్‌లో మేనేజర్లు అసలు మాట్లాడకూడదు, పొగడకూడదు కూడా. 2016లో ఆంథొనీ టేలర్ గురించి మ్యాచ్‌కు ముందు మాట్లాడినందుకు అప్పటి మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ మోరిన్యో 50,000 పౌండ్లు కట్టాడు.

ఆ మోరిన్యోదే ఇంకో కథ ఉంది, అందుకే ఈ విషయంలో నేను కటువుగా ఉంటాను. 2005లో చెల్సీ మేనేజర్‌గా ఉండగా బార్సిలోనా మ్యాచ్ తర్వాత, విరామంలో అవతలి కోచ్ రైకార్డ్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్‌తో మాట్లాడాడని ఆరోపించాడు. ఫ్రిస్క్‌కు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆయన మార్చిలో విజిల్ వదిలేశాడు. మోరిన్యోకు పడింది రెండు మ్యాచ్‌ల నిషేధం, జరిమానా.

ఎలా మాట్లాడాలో చూపించినవాడు గ్యారీ ఒనీల్. 2023 ఆగస్టులో యునైటెడ్ కీపర్ ఒనానా ఆఖరి నిమిషాల్లో బంతి అందుకోలేక వుల్వ్స్ ఆటగాడు కలాయ్‌జిచ్‌ని గుద్దేశాడు. పెనాల్టీ ఇవ్వలేదు. (కీపర్లను కాపాడటమే కాదు, కీపర్ల నుంచి కాపాడటమూ రిఫరీ పనే.) గొడవ చేసినందుకు వుల్వ్స్ మేనేజర్ ఒనీల్‌కు ఎల్లో కార్డు దక్కింది. రిఫరీల సంస్థ నుంచి జాన్ మాస్ వచ్చి తప్పు జరిగిందని క్షమాపణ చెప్పాడని మ్యాచ్ అయ్యాక ఒనీలే శాంతంగా చెప్పాడు. ఆ మ్యాచ్ అధికారులకు తర్వాతి వారం మ్యాచ్‌లు ఇవ్వలేదు. అరుపులకు దొరకనిది ఇక్కడ దొరికింది.

2024 అక్టోబర్‌లో మళ్లీ ఒనీల్‌కే దెబ్బ. మాంచెస్టర్ సిటీ ఆటగాడు స్టోన్స్ తలతో కొట్టిన ఆఖరి నిమిషపు గోలుకు వుల్వ్స్ కీపర్ సా ముందు సిటీ ఆటగాడు బెర్నార్డో సిల్వా ఉన్నాడని మొదట ఆఫ్‌సైడ్ (డిఫెండర్లను దాటి గోలు దగ్గర ఉండి ఆటకు అడ్డుపడటం) ఇచ్చారు, వీడియో చూసి గోలు ఇచ్చేశారు. 2025 నవంబర్‌లో లివర్‌పూల్ ఆటగాడు వాన్ డైక్ గోలుకు సిటీ కీపర్ డొనరుమ్మా ముందు అతని సహచరుడు రాబర్ట్‌సన్ వంగాడని ఆఫ్‌సైడ్ ఇచ్చారు, అది అలాగే నిలిచింది. రెండుసార్లూ రిఫరీ క్రిస్ కవానా, లాభపడింది మాంచెస్టర్ సిటీ. లివర్‌పూల్ మేనేజర్ స్లాట్ ఈ పోలిక ఎత్తి చూపాడు, తిట్టలేదు. నా లెక్కలో రెండూ ఒకటి కావు. సిల్వా బంతి దారిలోంచి తప్పుకున్నాడు, రాబర్ట్‌సన్ బంతి కిందనుంచి వంగి తప్పించుకున్నాడు. అయినా స్లాట్ అడిగిన పద్ధతికి నేను వంక పెట్టను.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు, గోల్‌కీపర్. పెటర్ చెక్‌లా తలకు రక్షణ పెట్టించనా?

జవాబు: పెట్టించండమ్మా, మెత్తని హెడ్‌గార్డ్‌ను నియమాలు ఒప్పుకుంటాయి. చెల్సీ కీపర్ చెక్‌కు 2006 అక్టోబర్‌లో రెడింగ్ మైదానంలో ఆ జట్టు ఆటగాడు స్టీఫెన్ హంట్ మోకాలు తగిలి పుర్రె ఎముక చిట్లింది. మూడు నెలలకు తిరిగొచ్చి, ఆట మానేదాకా ఆ గార్డ్ విప్పలేదు. అయితే అది పైదెబ్బను తగ్గిస్తుంది, లోపల మెదడు అదరకుండా ఆపుతుందని నమ్మకండి. తలకు గట్టి దెబ్బ తగిలిన రోజు ఇక ఆడించొద్దు, వాడు ఎంత బతిమాలినా, కోచ్ ఎంత ఒత్తిడి చేసినా సరే. డాక్టర్ సరేనన్నాకే మళ్లీ గ్లవ్స్ ఇవ్వండి.