యంత్రం వద్దన్న ఉద్యోగం: కేసు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఉద్యోగ వివాదాలు చూసే సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాను. ఏఐ తమ దరఖాస్తును తోసిపుచ్చిందంటూ కక్షిదారులు వస్తున్నారు. ఇలాంటి కేసులు పట్టాలంటే కోడింగ్ నేర్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదండి. శాతాలు కట్టడం, సరైన రికార్డు అడగడం వస్తే చాలు.

అన్నిటికన్నా ముందు రికార్డు పోకుండా చూడండి. గడువు దాటిన లాగులు (సాఫ్ట్‌వేర్ తను చేసిన పనులను సమయంతో సహా రాసుకునే చిట్టాలు) వాటంతటవే చెరిగిపోవచ్చు, మోడల్ (దరఖాస్తులకు స్కోరు వేసే ఏఐ) వెర్షన్ మారిపోవచ్చు. అందుకే దరఖాస్తు అందిన సమయం, తిరస్కరించిన సమయం, వచ్చిన స్కోరు, ఆ రోజు నడిచిన వెర్షన్, కటాఫ్ పెట్టినవారి వివరం, మధ్యలో మనిషి తెరిచి చూసిన ఆనవాలు, ఇవన్నీ భద్రపరచమని మొదటి నోటీసులోనే పేరుపేరునా రాయండి. ‘సంబంధిత పత్రాలన్నీ’ అని ముక్తసరిగా రాస్తే లాగులు తప్పించుకుంటాయి. నోటీసు యజమానితో పాటు సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థకూ వెళ్లాలి. అమెరికాలో నియామక సాఫ్ట్‌వేర్ అమ్మే వర్క్‌డే సంస్థ మీద వేసిన దావాలో, అలాంటి సంస్థను యజమాని ఏజెంటుగా భావించి కేసు నడపవచ్చని 2024 జులైలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు అంది. అది తప్పు తేల్చిన తీర్పు కాదు, విచారణకు తలుపు తెరిచిన ఉత్తర్వు మాత్రమే.

ఇక లెక్క. 200 మంది పురుషుల్లో 60 మంది, 100 మంది స్త్రీలలో 18 మంది వడపోత దాటారనుకోండి. 30 శాతం, 18 శాతం. 18ని 30తో భాగిస్తే 60 శాతం. అమెరికాలో 1978లో వచ్చిన ‘అయిదింట నాలుగు వంతుల’ కొలత ప్రకారం ఇది 80 శాతానికి తగ్గితే అనుమానించాలి. అనుమానమే, రుజువు కాదు. పది, పదిహేను దరఖాస్తుల మీద ఈ లెక్కను అసలు నమ్మకండి, ఒక్కరు అటూ ఇటూ అయినా శాతం తలకిందులవుతుంది.

తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే కష్టమైన పని. అమెరికాలో ఆన్‌లైన్ పాఠాల సంస్థ ఐట్యూటర్‌గ్రూప్ మీద వేసిన కేసులో, సాఫ్ట్‌వేర్ 55 ఏళ్లు, ఆపైన ఉన్న స్త్రీలను, 60 ఏళ్లు, ఆపైన ఉన్న పురుషులను నేరుగా తోసిపుచ్చిందన్నది ఆరోపణ. 2023లో 3,65,000 డాలర్లకు రాజీ అయింది. పాత నియామకాల నుంచి నేర్చుకున్న మోడల్ ఇంత సూటిగా దొరకదు. వయసు అడగకపోయినా డిగ్రీ పూర్తయిన ఏడాది వయసు చెప్పేస్తుంది. ప్రసూతికి వెళ్లిన కాలం ఉద్యోగంలో ఖాళీగా కనబడుతుంది. కాబట్టి ఏయే అంశాలకు ఎంత తూకం ఇచ్చారో అడిగి తీరాలి.

ప్రశ్న: మా ఆఫీసు పనికి ఏఐ వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవచ్చు. కక్షిదారు పేరు, జీతం, ఆరోగ్య వివరాలు మాత్రం అందరికీ తెరిచి ఉన్న టూల్‌లో పెట్టవద్దు. వందల ఈమెయిళ్ల నుంచి తేదీల వరస తీయడానికి బాగా పనికొస్తుంది. ప్రతి వాక్యం పక్కన పేజీ నంబరు అడగండి, ఆ పేజీ మీరే తెరవండి. ‘ఒప్పుకోలేదు’ అన్నది సారాంశంలో ‘ఒప్పుకున్నారు’ అయిందంటే కేసే పోతుంది.

తీర్పుల విషయంలో మరీ జాగ్రత్త. 2023లో న్యూయార్క్‌లో, ఏఐ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. వాటిలో ఒక తీర్పు నిజమేనా అని వారిలో ఒకరు అదే టూల్‌ను అడిగారు, అది నిజమేనంది. తీర్పును కోర్టు రికార్డులోనో, ప్రామాణిక లా డేటాబేస్‌లోనో తెరిచి, మీరు వాడే పేరా పూర్తిగా చదివాకే సీనియర్ బల్ల మీద పెట్టండి.