నడిచి తిరిగే ఊళ్లో ఉంటే రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఆడటం నిజంగా తేలికవుతుందా?

మీరు అడిగింది ఇదీ: చదువు కోసం యూరప్‌లో ఓ చిన్న నగరానికి వెళ్తున్నారు. అక్కడ కారు అక్కర్లేదు, అన్నీ నడక దూరమే అని విన్నారు. టేబుల్ చుట్టూ కూర్చుని, తలో పాత్ర తీసుకుని కథలా ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటే మీకు ఇష్టం. ఊరు అలా ఉండటం వల్ల ఆటకి గానీ, రోజువారీ బతుకుకి గానీ నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. జర్మనీలో ఫ్రైబుర్గ్ అనే ఊళ్లో మూడేళ్లున్నాను. అందులో మొదటి నాలుగు నెలలు ఊరి బయట, మిగతా కాలమంతా ఊళ్లో. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఫ్రైబుర్గ్‌లో అద్దెలు ఎక్కువ, గదులు తక్కువ. అక్టోబర్‌లో వెళ్లిన నాకు ఊళ్లో చోటు దొరక్క, దూరంగా ఓ పల్లెలో ఓ ఇంటి పైఅంతస్తులో దిగాను. రాత్రయితే గంటకో బస్సు. యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద చీటీ చూసి ఓ గుంపులో చేరాను. ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి, స్టేషన్ వెనక ష్ట్యూలింగర్ అనే పేటలో, నలుగురు కలిసి అద్దెకుండే ఇంటి వంటగదిలో ఆట. తొమ్మిదింపావుకల్లా నేను లేవాలి. సరిగ్గా అప్పటికే కథ పాకాన పడేది. వాళ్లు గుహ తలుపు తీస్తుంటే నేను కోటు తొడుక్కునేవాణ్ణి. నా పాత్ర పక్కన "నిద్రపోయాడు" అని రాసుకునేవాళ్లు. నాలుగు నెలల్లో నా వీరుడు ఒక్క యుద్ధం కూడా చివరిదాకా చూడలేదు. ఇక మానేద్దాం అని బస్సులో కూర్చుని చాలాసార్లు అనుకున్నాను.

ఫిబ్రవరిలో జేపార్క్ చెరువు దగ్గరున్న స్టూడెంట్ హాస్టళ్లలో గది వచ్చింది. అక్కడినుంచి ఆ వంటగదికి నడిస్తే పాతిక నిమిషాలు. ఆట అదే, మనుషులు వాళ్లే, రూల్స్ అవే. గడియారం వైపు చూడటం మానేశాను, అంతే. ఆ నెలలోనే నాకు ఆ గుంపులో స్నేహితులు ఏర్పడ్డారు. అంతకుముందు వాళ్లు నాకు శుక్రవారం మనుషులు.

ఈ ఆట తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. "మీ ఎదురుగా వాగు పొంగుతోంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్లు అడుగుతారు. మిగతావాళ్లు ఏదో ఒకటి చెప్తారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది మొదలైంది. జర్మనీలో మాత్రం 1984లో ఉల్రిష్ కీసోవ్ తెచ్చిన దాస్ ష్వార్త్సె ఔగె అనే ఆట ఇంటింటి పేరు. దానర్థం నల్లకన్ను. మేమాడింది అదే. అందులో కథ నడిపే మనిషిని మైస్టర్ అంటారు.

నల్లకన్ను రూల్స్ మొదట్లో నన్ను ఏడిపించాయి. గోడ ఎక్కాలంటే ఒక పాచిక సరిపోదు. ఇరవై ముఖాల పాచికని మూడుసార్లు వెయ్యాలి, ఒకటి ధైర్యానికి, ఒకటి చురుకుదనానికి, ఒకటి కండబలానికి. పడిన అంకె ప్రతిసారీ మన బలంకంటే ఎక్కువ కాకూడదు. ఎక్కువైతే, గోడలెక్కడంలో మనకున్న పాయింట్లలోంచి ఆ తేడా కట్టుకోవాలి. ఇదంతా జర్మన్‌లో. కానీ ఒక సంగతి చెప్తాను, నా జర్మన్‌కి కాళ్లొచ్చింది ఆ వంటగదిలోనే. క్లాసులో టెన్షన్‌తో నోరు పెగిలేది కాదు. ఇక్కడ తప్పు మాట్లాడుతున్నది నేను కాదు, ఉత్తరాది నుంచి వచ్చిన నా పాత్ర అని అందరూ ఒప్పేసుకున్నారు. దాంతో నోరు దానంతటదే తెరుచుకుంది.

ఇక ఊరి సంగతి. ఫ్రైబుర్గ్ పాత ఊరి నడిబొడ్డులోకి 1973 నుంచి కార్లు రావు. 1944 నవంబర్ 27 రాత్రి పడిన బాంబులకి అందులో చాలా భాగం నేలమట్టమైంది. పెద్ద చర్చి మాత్రం, 116 మీటర్ల గోపురంతో సహా నిలిచింది. తిరిగి కట్టేటప్పుడు పాత వీధుల పోకడనే ఉంచారు, అందుకే సందులు సందుల్లాగే ఉన్నాయి. వాటి పక్కన బెష్లె అనే చిన్న కాలువల్లో ద్రైజామ్ ఏటి నీళ్లు పారుతుంటాయి. పిల్లలు తాడు కట్టిన చెక్క పడవలు వాటిలో లాక్కుంటూ పోతారు. పొరపాటున అందులో కాలేస్తే ఫ్రైబుర్గ్ మనిషినే పెళ్లి చేసుకుంటారని అక్కడ ఒక నానుడి.

అలాంటి ఊళ్లో రోజూ నడిచేవాడికి కథకి కావలసిన సరుకు కాళ్ల కిందే దొరుకుతుంది. నాకు నిజంగానే అలా దొరికింది. దుకాణాల ముందు పేవ్‌మెంట్ మీద రైన్ నది గులకరాళ్లతో బొమ్మలు పొదిగి ఉంటాయి. రొట్టెల కొట్టు ముందు బ్రెత్సెల్ అనే మెలికల రొట్టె, దర్జీ కొట్టు ముందు కత్తెర. కొన్నిచోట్ల కొట్టు మారిపోయినా బొమ్మ అలాగే ఉంటుంది. ఓ సాయంత్రం పాల ప్యాకెట్‌కని వెళ్తూ కత్తెర బొమ్మ దగ్గర ఆగిపోయాను. దర్జీ లేడు, కత్తెర ఉంది. రెండో ఏడాది నన్ను మైస్టర్‌ని చేసినప్పుడు నా మొదటి కథ అక్కడే మొదలైంది. ఊళ్లో ఒక్కో వృత్తివాళ్లూ మాయమవుతుంటారు, గుమ్మం ముందు రాళ్ల బొమ్మ మాత్రం మిగులుతుంది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ ఆ బొమ్మల మీంచి రోజూ నడిచేవాళ్లే. నేను వర్ణించనక్కర్లేకపోయింది. మరుసటి వారం బేకరీలో పనిచేసే కుర్రాడు, తన కొట్టు ముందున్న బొమ్మలో ఒక రాయి ఊడిపోయిందని చెప్పాడు. చెప్తుంటే గొంతు నిజంగా వణికింది.

చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్తూ, మేం ఊ కొట్టకపోతే ఆపేసేది. బుర్రకథలో కూడా అంతే, పక్కనున్న వంతలు అందుకోకపోతే కథకుడు ఎంతటివాడైనా ముందుకు సాగలేడు. ఈ ఆట దానికి చాలా దగ్గర. ఊ కొట్టేవాళ్లు రావాలి, ప్రతివారం రావాలి, తొమ్మిదింపావుకి లేచిపోకుండా ఉండాలి. నాకు తెలిసి చాలా గుంపులు చెదిరిపోయేది రూల్స్ నచ్చక కాదు, ఎక్కువసార్లు ఇళ్ల దూరం వల్లే.

ఆట తర్వాత నడక గురించి కూడా చెప్పాలి, నాకు అన్నిటికన్నా విలువైనది అదే. ఆ దేశంలో రాత్రి పది దాటితే చప్పుడు చెయ్యకూడదు. మేం పాచికలు నేను ఇంటినుంచి తీసుకెళ్లిన స్టీలు కంచంలో వేసేవాళ్లం. ఓ రాత్రి కింది ఇంటావిడ పైకొచ్చి, ఆ గణగణ ఏమిటని మర్యాదగానే అడిగింది. అప్పట్నుంచి కంచంలో తువ్వాలు పరిచి వేసేవాళ్లం. పదిన్నరకి బల్ల సర్దేసి కిందికి దిగేవాళ్లం. అసలు మాటలు అప్పుడు మొదలయ్యేవి.

ఒక శుక్రవారం బాగా గుర్తుంది. ఫారెస్ట్రీ చదివే అమ్మాయి ఏడాదిన్నరగా ఆడుతున్న పాత్ర ఆ రాత్రి కోటగోడ ఎక్కుతోంది. పాచిక మూడుసార్లు వేసింది. రెండు ఇరవైలు పడ్డాయి. ఆ ఆటలో రెండు ఇరవైలు పడితే ఘోరంగా విఫలమైనట్టే. పాత్ర పడిపోయి చచ్చిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, పెన్సిల్‌ని పెట్టెలో పెట్టి మూత నొక్కింది. అది మూతపడక మళ్లీ నొక్కింది.

తనుండేది రైలు పట్టాలకి అవతల. నా దారి అటు కాదు, పూర్తిగా ఎదురుదిక్కు. అయినా తనతో పాటు నడిచాను. అటు వెళ్లి రావడానికి అరగంటకి మించదు, అదే వేరే ఊరైతే ఆ మాట మర్నాటి మెసేజ్‌కి మిగిలిపోయేది. స్టేషన్ పక్కనే పట్టాల మీద నీలిరంగు ఇనుప వంతెన ఉంది, వివిలీ బ్రిడ్జి. దాని మీద కార్లు తిరగవు, సైకిళ్లు, మనుషులు మాత్రమే. తను సైకిల్ నడిపించుకుంటూ వస్తోంది. వంతెన మధ్యలో ఆగి, "గోడ అంత ఎత్తుందని ముందు చెప్పలేదు నువ్వు" అంది. నిజమే. చెప్పాననుకున్నాను, చెప్పలేదు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. కింద ఓ రైలు వెళ్లింది, అది పూర్తిగా పోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు. పాచిక పడింది పడినట్టే ఉండాలని తనే అంది. పాత్రని బతికించవద్దంది. చనిపోయినామె చెల్లెలు ఆ గోడ కిందికి వచ్చి అక్కని వెతుకుతుందని, తను ఇకనుంచి ఆ చెల్లెల్ని ఆడతానని అంది. తర్వాతి ఎనిమిది నెలల కథ ఆ వంతెన మీద పుట్టింది. ఆ పది నిమిషాలు లేకపోతే తను మళ్లీ వచ్చేది కాదని నా నమ్మకం.

రోజువారీ సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఆదివారం కొట్లుండవు, శనివారమే కొనుక్కోవాలి. చర్చి చుట్టూ సంత ఆదివారం తప్ప రోజూ ఉంటుంది. మా గుంపులో ఒకతను ఫోబాన్ పేటలో ఉండేవాడు, అక్కడ చాలా ఇళ్ల ముందు కారు ఆపనివ్వరు, పేట అంచున కట్టిన గ్యారేజీలో పెట్టి నడిచి రావాలి. వేసవిలో మేం ఏటి ఒడ్డున గడ్డి మీద ఆడేవాళ్లం, పాచికలు గడ్డిలో పోకుండా టిఫిన్ డబ్బా మూతలో వేసుకుంటూ. రాత్రిళ్లు కుర్రకారు చేరే ఔగుస్టీనర్‌ప్లాత్స్ అనే కూడలిలో ఒక దీపస్తంభం ఉంది. పొద్దుపోయేకొద్దీ పచ్చరంగు నుంచి ఎరుపుకి మారుతుంది, చుట్టూ ఇళ్లలో జనం పడుకున్నారు, గొంతు తగ్గించండి అని. ఊరి మధ్యలో జనం కాపురముంటారు కాబట్టే అది కావలసి వచ్చింది. మీరు ఏ ఊరికి వెళ్లినా ఆట గది వెతికేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

మీకు నేనిచ్చే సలహా: గది వెతికేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి, రాత్రి పదకొండుకి అక్కడికి నడిచి చేరగలరా అని చూడండి. ఆ నాలుగు నెలలూ నేను మిగుల్చుకున్న డబ్బు ఇప్పుడు గుర్తు కూడా లేదు. గుంపు కోసం యూనివర్సిటీ నోటీసు బోర్డులు, బోర్డ్ గేమ్స్ అమ్మే కొట్లు చూడండి, భాష రాకపోయినా వెళ్లండి. తినడానికి ఏదో ఒకటి పట్టుకెళ్లండి. నా పులిహోర ఆ వంటగదిలో నా జర్మన్ కంటే ముందు పాస్ అయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. రాగానే ఉత్సాహంగా ఆరుగురితో గుంపు కట్టాను. కొంపల్లి నుంచి ఒకరు, ఎల్బీనగర్ నుంచి ఇద్దరు, గచ్చిబౌలి నుంచి ముగ్గురు. అందరూ మంచి ఆటగాళ్లు. మూడు వారాల్లో ఆగిపోయింది. తర్వాత పద్ధతి మార్చి, ముందు దూరం చూసి మనుషుల్ని వెతికాను. నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్, అంతే. ముగ్గురు దొరికారు, వాళ్లలో ఇద్దరు అంతకుముందు ఈ ఆట పేరు కూడా విననివాళ్లు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ బేసిక్ రూల్స్ ఉచితంగా దొరుకుతాయి, వాటితో తెలుగులోనే ఆడుతున్నాం. ఫుట్‌పాత్ ఉన్నచోట స్కూటర్లుంటాయి, కుక్కలుంటాయి, ఇది ఫ్రైబుర్గ్ కాదు. అయినా ఏడాది దాటింది, గుంపు నిలిచింది.

మొన్న ఆదివారం ఆట ఓ పాడుబడ్డ మెట్లబావి దగ్గర ఆగింది. బావి అడుగున ఒక గది, దాని తలుపుకి లోపలినుంచి గడియ. తోసి తోసి విసిగి ఆపేశారు. మా వాళ్లలో బ్యాంకులో రిటైరైన ఆయన ఒకరున్నారు, అందరం అంకుల్ అంటాం. రాత్రి ఆయన్ని ఇంటిదాకా దిగబెడదామని నడుస్తుంటే సందు మలుపులో ఆగారు. "ఏమయ్యా, గడియ లోపలినుంచి వేసి ఉందన్నావు. మరి వేసినవాడు ఇంకా లోపలే ఉన్నాడా?" అన్నారు.

నేను ఆ సంగతే ఆలోచించలేదు. "వచ్చే వారం చూద్దురుగాని అంకుల్" అని చెప్పి, ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా నోట్‌బుక్ తీశాను.