మీ తాతగారి ఫొటోలోని ఓడ లిబర్టీ షిప్ కాదు

నమస్కారమండీ. బెల్లం మండీల చిత్తూరులో ఓడ గురించి ప్రశ్న రావడమే ముచ్చటగా ఉంది! ఫొటో వెనుక 'మద్రాసు, 1950' అని ఉంది, ఓడ ముక్కు (ముందు భాగం) మీద 'జల' వరకే కనబడుతోంది, అమెరికా లిబర్టీ షిప్ అయి ఉంటుందా అని అడిగారు.

కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుంచి 1945 వరకు, అమెరికాలో 2,710 లిబర్టీ షిప్‌లనే సరుకు ఓడలు కట్టారు కాబట్టి ఏ పాత సరుకు ఓడ కనబడినా అందరూ ఆ పేరే అంటారు. వాటి డెక్కు ముందు నుంచి వెనుకదాకా ఒకే మట్టంలో సాగుతుంది. మీ ఫొటోలో ముక్కు దగ్గర డెక్కు ఒక అంతస్తు పైకి లేచింది. అలా లేచేది విక్టరీ షిప్‌లకు (లిబర్టీల తర్వాత అమెరికా కట్టిన సరుకు ఓడలు), ఇంకా ఎన్నో ఇతర ఓడలకు. అందువల్ల ఇది లిబర్టీ కాదని చెబుతుందే తప్ప ఓడ పేరు చెప్పదు.

అసలు ఆధారం ఆ 'జల'. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలకు అలాంటి పేర్లుండేవి. విశాఖపట్నంలో 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' వారిదే. అయితే తొందరపడి ఆ పేరు రాసేయకండి, 'జల'తో మొదలయ్యేవి చాలా ఉన్నాయి.

ఫోనుతో తీసిన కాపీ చాలదు. తిరుపతిలోనో మీ ఊళ్లోనో మంచి స్టూడియోలో అంగుళానికి 1200 చుక్కలతో స్కాన్ చేయించి, మిగిలిన అక్షరాలు ఎన్నో లెక్కపెట్టండి. పొగగొట్టం మీది పట్టీలు కూడా చూడండి, కానీ రంగు ఊహించవద్దు: పాత ఫిల్ముల్లో కొన్ని ఎరుపును నలుపుగా చూపిస్తాయి. ఆ తర్వాత 1950 ప్రాంతపు లాయిడ్స్ రిజిస్టర్‌లో (ఓడల వివరాల జాబితా పుస్తకం) 'జల' పేర్లన్నీ వెతికి, అక్షరాల లెక్కతో సరిపోల్చండి. స్కాన్ ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.