క్యాన్సర్ చికిత్స అయ్యాక వాట్సాప్ మెసేజ్‌తో ఎంతవరకు పనవుతుంది?

అమ్మగారికి గుంటూరులో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయ్యాయి, మాచర్ల నుంచి ప్రతి చెకప్‌కీ తీసుకురావడం కష్టంగా ఉంది, డాక్టరుగారికి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సరిపోదా అని కదా మీరు అడిగింది. సరిపోదండీ. అయితే రెండు చెకప్‌ల మధ్య గడిచే నెలల్లో మెసేజ్ వల్ల జరిగే మేలు ఇంకోటి ఉంది. మా అత్తగారి విషయంలో చూశాను కాబట్టి రాస్తున్నా.

ముందు చెకప్ సంగతి. డాక్టరు రొమ్ములు, చంకలు, మెడ చేత్తో తడిమి చూడాలి. ఫొటోలో గడ్డ తెలియదు. మామూలుగా మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి రమ్మంటారు. మామోగ్రామ్ ఏడాదికొకటి. ఇవి మానొద్దు. పైగా 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ (దూరం నుంచే ఫోన్, మెసేజ్‌లతో వైద్యం) మార్గదర్శకాలు వాట్సాప్‌నీ మామూలు మెసేజ్‌నీ ఒప్పుకుంటాయి గానీ, అదే డాక్టరు అదే జబ్బుకి 6 నెలల లోపు నేరుగా చూసి ఉంటేనే దాన్ని ఫాలోఅప్ కింద లెక్కేస్తాయి. "ఇది ఫోన్లో తేలేది కాదు, రండి" అని డాక్టరు అంటే బస్సెక్కాల్సిందే.

ఇక మా అత్తగారు. ఆవిడకీ రొమ్ము క్యాన్సర్ చికిత్స అయింది. సత్తెనపల్లి దగ్గర పల్లెటూళ్లో ఉంటారు, మేం గుంటూరు బ్రాడీపేటలో. ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ నిద్ర పట్టడంలేదని, ఒళ్లంతా ఆవిర్లని నాతో చెబుతూనే ఉంటారు. లోపలికెళ్లి డాక్టరుగారు "ఎలా ఉందమ్మా" అనగానే "బాగానే ఉందయ్యా" అనేస్తారు. బయటికొచ్చాక అడిగితే, అంత పెద్దాయన ముందు ఇవన్నీ ఏకరువు పెడతామా అంటారు. ఇంకో టెస్టు రాస్తారని లోపల భయం కూడా. మీ అమ్మగారు ఇలా కాదనుకుంటే మీరు అదృష్టవంతులే, కానీ మా బంధువుల్లో ఆ వయసు ఆడవాళ్లంతా ఇంతే.

ఆసుపత్రిలో క్యాన్సర్ పేషెంట్ల కోసం ఒక కోఆర్డినేటర్ ఉన్నారు, ఆవిడ నంబరు ఇచ్చారు. నేను చేసే పనల్లా ఆదివారం పొద్దున అత్తగారికి వాయిస్ మెసేజ్ పెట్టడం. "ఎలా ఉన్నారు" అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకి జవాబు తెలిసిందే. ఈ వారం ఎన్ని రాత్రులు సరిగ్గా నిద్రపోయారు? మాత్ర ఏరోజైనా తప్పిందా? నొప్పి పదికి ఎంత? ఇలా. "నొప్పికి మార్కులేంటే?" అని మొదట్లో నవ్వారు. తర్వాత ఆవిడే దారి కనిపెట్టారు, అణాల్లో చెబుతానని. అప్పట్నుంచి మా ఇంట్లో నొప్పి పదహారణాలకి ఇన్ని అని. నేను పదికి మార్చి కోఆర్డినేటర్‌కి పంపుతాను.

ఒకసారి వచ్చిన వాయిస్ మెసేజ్ ఇది, దాదాపు ఆవిడ మాటల్లోనే: "పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవటంలేదమ్మా, పన్నెండణాలు ఉంటది. గేదె పాలు మీ మావయ్యే పితుకుతున్నాడు. ఆ రాత్రి మాత్ర వల్లేనేమోనని రోజు మార్చి రోజు వేసుకుంటున్నా, డాక్టరుకి చెప్పమాకు." ఆ రాత్రి మాత్ర లెట్రోజోల్, 2.5 మి.గ్రా. మళ్లీ గడ్డ రాకుండా రోజూ వేసుకోవాల్సింది, సాధారణంగా అయిదేళ్లపాటు. దాంతో కీళ్లనొప్పులు, పొద్దుటిపూట వేళ్లు బిగుసుకుపోవడం చాలామందికి వస్తాయి, అది తట్టుకోలేకే కొందరు చెప్పకుండా మానేస్తారు. చెప్పొద్దన్నా నేను చెప్పాను. డాక్టరుగారు పిలిపించి, ఒక్కమాట కూడా కోప్పడకుండా, అదే కోవలోని ఇంకో మాత్రకి మార్చారు. ఎముకల సాంద్రత పరీక్ష చేయించారు, ఎందుకంటే ఈ మాత్రలు ఎముకల్నీ పలచబరుస్తాయి. ఇప్పుడు వేళ్లు నాలుగణాల దగ్గర ఉన్నాయి. ఈ ముక్క ఓపీ గదిలో ఆవిడ నోటివెంట ఎప్పటికీ వచ్చేది కాదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఈథన్ బాష్ అనే డాక్టరు బృందం 766 మందితో ఒక పరిశోధన చేసింది. కొందరు తమ బాధలు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్లో తామే నమోదు చేసేవారు, ఏదైనా ముదిరితే నర్సుకి మెయిల్ వెళ్లేది. మిగతావారికి మామూలు వైద్యం. 2017లో ఫలితాలు వచ్చాయి: మామూలు వైద్యం అందినవారు మధ్యస్థంగా 26 నెలలు బతికితే, బాధలు నమోదు చేసినవారు 31.2 నెలలు. వాళ్లంతా జబ్బు శరీరంలో పాకి కీమో తీసుకుంటున్నవాళ్లు కాబట్టి మీ అమ్మగారికి ఆ అంకెలు వర్తించవు. కానీ అక్కడ కూడా మేలు జరిగింది బాధ తొందరగా నర్సు చెవిన పడ్డందుకే.

చెయ్యి వాపు సంగతి కూడా చెప్పాలి. చంకలో గ్రంథులు తీసినవారికి ఆ వైపు చెయ్యి నెమ్మదిగా ఉబ్బొచ్చు, ఏళ్ల తర్వాతైనా. అత్తగారు ఒకసారి జాకెట్టు ఎడమ చెయ్యి బిగుతుగా ఉందని దర్జీని తిట్టారు. కుట్టుమిషను టేపుతో మోచేతికి కింద ఒకే దూరంలో రెండు చేతులూ కొలిచి, రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపమన్నాను. మా ఆడపడుచు పంపింది. ఎడమది లావుగా ఉంది. ఫిజియోథెరపీకి రమ్మన్నారు, వ్యాయామాలు నేర్పారు, బిగుతు తొడుగు ఇచ్చారు. అదే చెయ్యి ఎర్రగా వేడిగా మారి జ్వరం వస్తే మాత్రం కొలతలూ ఫొటోలూ అని కూర్చోకండి, ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, ఆ రోజే చూపించాలి.

మెసేజ్ పెట్టి ఎదురుచూడకూడనివి ఇంకా ఉన్నాయి. కీమో నడుస్తున్నప్పుడు, అయిపోయిన కొద్ది వారాల్లో 100.4 జ్వరం. ఆయాసం. ఒక కాలు ఉన్నట్టుండి వాయడం. నడుంనొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పడం. వీటికి నేరుగా క్యాజువాలిటీ, లేదా 108. నీలం టిక్కులు పడ్డాయని ధైర్యపడకండి. ఫోను ఎవరి చేతిలో ఉందో మనకి తెలియదు.

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటరైనా, కొత్తపేటలో ప్రైవేటు ఆసుపత్రైనా, ఈసారి వెళ్లినప్పుడు మెసేజ్‌లు ఎవరు చూస్తారు, ఏ వేళల్లో, ఆదివారాలు ఎవరికి ఫోన్ చెయ్యాలి అని అడిగి ఫైలు అట్ట మీద రాయించుకోండి. డాక్టరుగారి సొంత నంబరు కోసం పట్టుబట్టకండి. మెసేజ్ మొదటి వరుసలో పేరు, వయసు, ఓపీ నంబరు, ఆపరేషన్ నెల, వాడే మాత్రలు రాయండి. తర్వాత సమస్య రెండు వాక్యాల్లో. మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. రిపోర్టుని పగటి వెలుతురులో, మంచం మీద పరిచి ఫొటో తీసి, డాక్యుమెంటుగా పంపితే అక్షరాలు చెదరవు.

ఒక విన్నపం: రిపోర్టులు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. మా గ్రూపులో పెట్టిన రోజే లక్ష్మణఫలం కషాయం గురించి ఫార్వర్డులు వరదలా వచ్చాయి, కీమో కంటే వెయ్యి రెట్లట. అత్తగారు నిజంగానే తెప్పించమన్నారు. అది వద్దని ఆవిణ్ణి ఒప్పించడం లెట్రోజోల్ సంగతి కంటే కష్టమైంది.

మీ అమ్మగారు వేసుకునే మాత్ర ఏదో మీరు రాయలేదు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటిదైతే చెప్పండి, నేను ఆదివారాలు అడిగే ప్రశ్నల కాగితం ఇక్కడే పెడతాను. టామోక్సిఫెన్ అనే వేరే రకం మాత్ర అయితే ప్రశ్నలు వేరు. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడిందా అన్నది అందులో మొదటిది, కొడుకుగా మీరు అడగడం ఇబ్బందైతే మీ ఆవిడతోనో అక్కతోనో అడిగించండి.