పాఠకుల ప్రశ్నలు: మెక్సికో సముద్రతీరంలో నాలుగు రోజులు

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటున్నాం. నవంబరు నెలాఖరున థాంక్స్‌గివింగ్ సెలవులకు మా అత్తగారు, మామగారు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాపతో కలిసి మెక్సికోలో ఏదైనా బీచ్ రిసార్ట్‌కు నాలుగు రోజులు వెళ్లి రావాలనుకుంటున్నాం. కాన్‌కూన్ అని ఒకరు, లాస్ కాబోస్ అని ఇంకొకరు, పుయెర్తో వయార్తా అని మరొకరు చెబుతున్నారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. మావారికి చిచెన్ ఇట్సా పిరమిడ్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఏ ఊరు ఎంచుకుంటే మంచిది?
- ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: రిసార్టుల ఫొటోల్లో ఏ ఊరి సముద్రమైనా ఒకేలా నీలంగా, నిశ్చలంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది గదుల సౌకర్యాలనూ ధరనూ పోల్చి చూసుకుని నిర్ణయం తీసుకుంటారు. నా ఉద్దేశంలో ముందుగా తేల్చుకోవలసింది మీ నాలుగేళ్ల పాపను ఏ నీళ్లలో ధైర్యంగా దింపగలరన్నది. ఆ లెక్కన చూస్తే మీ జాబితాలో నుంచి లాస్ కాబోస్‌ను తీసేయవచ్చు. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం కొసన ఎడారి, కొండలు, సముద్రం కలిసే ఆ చోటు చూడడానికి అద్భుతంగా ఉంటుంది కానీ, అక్కడి తీరంలో చాలా భాగం ఈతకు పనికిరాదు. ఒడ్డు దాటగానే లోతు మొదలవుతుంది, వెనక్కి వెళ్లే అల మనిషిని కూడా లాక్కుపోగలదు. మెదానో బీచ్ లాంటి కొన్ని చోట్లే పిల్లలకు అనువుగా ఉంటాయి. పుయెర్తో వయార్తా నాకెంతో ఇష్టమైన ఊరు. బాందెరాస్ అఖాతంలోకి డిసెంబరు నుంచి మార్చి దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి. అయితే మీరు వెళ్లేసరికి వాటి రాక ఇంకా పుంజుకోదు. పైగా పాత ఊళ్లోని గుండ్రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల వీధులు మీ అత్తగారి మోకాళ్లకు కష్టం. అందుచేత మీకు కాన్‌కూన్ వైపే మంచిదని నా అభిప్రాయం.

కాన్‌కూన్ 1970లో ప్రభుత్వం పనిగట్టుకుని కట్టడం మొదలుపెట్టిన పర్యాటక నగరం. హోటళ్లన్నీ బారులు తీరి ఉండే ఇసుక దీవి మ్యాపులో 7 అంకె ఆకారంలో, ఒక పక్క కరీబియన్ సముద్రంతో, మరో పక్క నిచుప్తే అనే ఉప్పునీటి సరస్సుతో కనిపిస్తుంది. గది తీసుకునే ముందు ఆ రిసార్టు ఈ అంకెలో ఎక్కడుందో తప్పకుండా చూసుకోండి. పైనున్న పొట్టి గీత ఉత్తరానికి తిరిగి ఉంటుంది. ఎదురుగా ఉన్న ఇస్లా ముహేరెస్ ద్వీపం అలల ధాటిని తగ్గిస్తుంది కాబట్టి అక్కడ మామూలు రోజుల్లో పిల్లలు మోకాలి లోతు నీళ్లలో హాయిగా ఆడుకోవచ్చు. తూర్పుకు తిరిగిన పొడుగాటి గీత మీద నీలిరంగు మరింత ముచ్చటగా ఉంటుంది, అలలు మాత్రం పెద్దవి, నడిసముద్రంలోకి లాగే ప్రవాహాలూ ఉంటాయి. బీచ్‌లో ఎగరేసే జెండాలను పిల్లలకు కూడా మొదటి రోజే నేర్పించండి: ఆకుపచ్చ అయితే నిశ్చింతగా, పసుపు అయితే జాగ్రత్తగా దిగవచ్చు, ఎరుపు అంటే ప్రమాదం, నలుపు అంటే అసలు దిగకూడదు. ఎరుపు ఎగిరిన రోజున పెద్దలు కూడా కొలనుతో సరిపెట్టుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

మీరు ఎంచుకున్న సమయం బాగుంది. 2011 నుంచి కరీబియన్ తీరాలకు సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు విపరీతంగా కొట్టుకొస్తోంది. అది ఒడ్డున కుళ్లితే మురిగిన కోడిగుడ్ల వాసన వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది అవుతుంది. వసంతంలోనూ వేసవిలోనూ దాని ఉధృతి ఎక్కువ, నవంబరుకు సాధారణంగా బాగా తగ్గుతుంది. తుపానుల కాలం లెక్క ప్రకారం నవంబరు 30 దాకా ఉన్నా, చివరి వారంలో ముప్పు తక్కువే. కాకపోతే ఆ రోజుల్లో ‘నోర్తె’ అనే ఉత్తరపు గాలి ఒకటి రెండు రోజులు వీచి ప్రశాంతంగా ఉండే ఉత్తరపు ఒడ్డును కూడా కల్లోలం చేయవచ్చు, కాబట్టి వేడినీళ్ల కొలను ఉన్న రిసార్టు చూసుకోండి, తలా ఒక పలుచని స్వెట్టరు పెట్టుకోండి. కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రంలో గడియారాలను ఏడాది పొడవునా మార్చరు కాబట్టి నవంబరులో డల్లాస్ కన్నా ఒక గంట ముందుంటుంది. తిరుగు ప్రయాణపు రోజున ఇది గుర్తుండాలి.

ఇక రోజుల సంగతి. మీకు దక్కే నాలుగు రోజుల్లో రాకపోకలకే దాదాపు ఒక రోజు పోతుంది. చిచెన్ ఇట్సా కాన్‌కూన్‌కు సుమారు 200 కిలోమీటర్లు, దారిలో రెండున్నర గంటలు, తిరిగి రావడానికి మళ్లీ అంతే. పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఆలయపు మెట్టుతో కలిపి 365 అని అక్కడివాళ్లు చూపిస్తారు కానీ, ఎక్కనివ్వడం మానేసి చాలా ఏళ్లయింది. నీడ తక్కువ, నడక ఎక్కువ. అత్తగారినీ పాపనూ అంత దూరం తిప్పడం భావ్యం కాదు. మీవారు, బాబు ఇద్దరే ఒక రోజు తెల్లవారకముందే బయలుదేరి గేట్లు తెరిచే వేళకు చేరుకుంటే, ఎండ ముదరకముందే, జనం నిండకముందే చూసి రావచ్చు. తండ్రీకొడుకులకు అదొక మంచి జ్ఞాపకం కూడా అవుతుంది. మిగతావారికి హోటళ్ల దీవిలోనే ఉన్న, మాయా నాగరికతకు సంబంధించిన మ్యూజియం సరిపోతుంది. 2012లో తెరిచిన ఆ మ్యూజియాన్ని ఆనుకునే సాన్ మిగెలీతో అనే చిన్న శిథిల నగరం చెట్ల నీడలో ఉంది.

మరొక పూట అందరూ కలిసి కాన్‌కూన్‌లోని పుయెర్తో హువారెస్ రేవు నుంచి లాంచీలో ఇస్లా ముహేరెస్‌కు వెళ్లండి. ప్రయాణం ఇరవై నిమిషాలే. అక్కడి ఉత్తరపు బీచ్‌లో చాలా దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు, కింద ఇసుక కనిపిస్తూనే ఉంటుంది. మెక్సికోలో సముద్రతీరం ఏ హోటలు సొత్తూ కాదు, చట్టప్రకారం ప్రజలందరిదీ. ఆదివారం పూట అక్కడికి వచ్చే స్థానిక కుటుంబాల మధ్య కూర్చుంటే రిసార్టు గోడల లోపల తెలియని మెక్సికో కాస్తయినా తెలుస్తుంది.

విమానాశ్రయంలో కస్టమ్స్ దాటగానే రవాణా సిబ్బందిలా పలకరించేవాళ్లలో చాలామంది టైమ్‌షేర్ (రిసార్టు గదిలో ఏటా కొన్ని రోజుల వాటా) అమ్మకందార్లు. బండి ముందే మాట్లాడుకుని, ఆగకుండా నేరుగా బయటికి వెళ్లిపోండి. రిసార్టులో ఉచిత యాత్ర ఆశ చూపి అల్పాహారానికి పిలిస్తే మర్యాదగా వద్దనండి, నాలుగు రోజుల్లో ఒక పూటను ఎవరికో రాసివ్వడం అన్యాయం. అన్నీ ధరలోనే కలిసి ఉన్నా, గది సర్దేవారికీ వడ్డించేవారికీ రోజూ కొంత చేతిలో పెట్టండి. పెసోలలో ఇస్తే మేలు, ఎందుకంటే అమెరికా చిల్లర నాణేలను అక్కడి బ్యాంకులు మార్చవు.

ప్రశ్న: నా హెచ్-1బి (ఉద్యోగ వీసా) పొడిగింపు ఆమోదం పొందింది కానీ పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు దాటిపోయింది. ముప్పై రోజుల లోపు మెక్సికో వెళ్తే పాత ముద్రతోనే తిరిగి రావచ్చంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: మీరు విన్నది సగమే. గడువున్న ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ప్రవేశ పత్రం) ఉండి, మెక్సికోలో ముప్పై రోజులకు మించకుండా, అక్కడ కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు పెట్టకుండా తిరిగి వచ్చేవారికి అమెరికా నిబంధనల్లో ఆ వెసులుబాటు ఉంది. అయితే అది తిరిగి రావడానికి సంబంధించినది. మెక్సికోలోకి వెళ్లడానికి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా కావాలి. గడువు తీరని అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే ఆ అవసరం లేదు. ఆమోదపత్రం వీసాతో సమానం కాదు, దాన్ని నమ్ముకుంటే విమానం దగ్గరే ఆపేస్తారు. మీరు మెక్సికో కాన్సులేట్‌లో సందర్శకుల వీసా తీసుకున్నాకే టిక్కెట్లు కొనండి. అమెరికాలో పుట్టిన పిల్లలకు కూడా విమాన ప్రయాణానికి పాస్‌పోర్టు తప్పనిసరి.

ప్రశ్న: మా అమ్మానాన్నలు పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా తినరు. రిసార్టులో వాళ్లకు తిండి దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. మాంసం వద్దంటే కోడి, చేప తెచ్చిపెట్టడం అక్కడ మామూలే, కాబట్టి ఆ రెండింటి పేర్లూ విడిగా చెప్పండి. బీన్స్ ముద్దలో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం కలిసే అవకాశం ఎక్కువ. గోధుమ తోర్తియా రొట్టెల్లోనూ కొవ్వు ఉండవచ్చు. మొక్కజొన్న తోర్తియా మటుకు సున్నపు నీటిలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్నతోనే చేస్తారు, దాన్ని పెనం మీద పొంగుతుండగా తీసి వేడివేడిగా ఇస్తే మీ అమ్మగారికి తప్పక నచ్చుతుంది. చీజ్ పెట్టి కాల్చిన కెసదీయా, అవకాడో ముద్ద, నాగజెముడు ఆకుల కూర, కారం నిమ్మరసం చల్లిన మామిడి ముక్కలు కలుపుకుంటే భోజనం నిండుగానే ఉంటుంది. ఉడికించిన మొక్కజొన్న గింజల్లో మయోనైజ్ వేస్తారు, అందులో గుడ్డు ఉంటుంది కనుక వద్దనాలి. ఎర్ర గోంగూర మొక్క కాయల మీది రక్షకపత్రాలను ఎండబెట్టి కాచిన హమైకా షరబత్తు, చింతపండు షరబత్తు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. నారింజరంగు ఆబనేరో మిరపకాయ పచ్చడిని మాత్రం మనం కారం తినేవాళ్లమే కదా అని చెంచాడు వేసుకోకండి, పుల్ల మొనతో రుచి చూశాకే కలుపుకోండి. కుళాయి నీళ్లు తాగకండి, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడండి.