షెవెల్ కారు సంగతి తర్వాత, ముందు ఆ అరవై రోజుల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 41. సొంతూరు తెనాలి. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటున్నాం. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హెచ్-1బి వీసా; గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ ఆమోదమైంది. ఏడాదికి లక్షా 52 వేల డాలర్ల జీతం, చేతికి నెలకు 8,900 వస్తాయి. ఇంటి కిస్తీ, కారు కిస్తీ, పిల్లల ఖర్చులు, ఊరికి పంపేది అన్నీ కలిపి 7,800 అవుతాయి. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. పిల్లలకు తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు. బ్యాంకులో 11 వేలు, కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా 401కెలో లక్షా 4 వేల డాలర్లు ఉన్నాయి. ఈ దేశం వచ్చిన కొత్తలో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్ అనే పాత కార్ల ఊరేగింపు చూశాను, అప్పటి నుంచి పెద్ద ఇంజన్ల పాత అమెరికా కార్లంటే, అదే మజిల్ కార్లంటే పిచ్చి. ఇప్పుడు షెవర్లే కంపెనీ 1970 నాటి షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) 396 ఒకటి 32 వేలకు వస్తోంది. ఇంజన్ విప్పి పక్కన పెట్టారు, బాడీకి అక్కడక్కడా తుప్పుంది. మొత్తం బాగు చేయడానికి షాపువాళ్లు 38 వేలు చెప్పారు. 401కె నుంచి 45 వేలు, పర్సనల్ లోను 16 వేలు, మిగతాదానికి తెనాలిలో అమ్మ బంగారం మీద 8 లక్షల రూపాయలు తీసుకుందామని అనుకుంటున్నాను. పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. వీటి ధర పెరగడమే గానీ తగ్గదంటున్నారు. పెట్టుబడిగా ఇది మంచిదేనా?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించాం. అసలు దాంట్లో కారు రంగు గురించి, బానెట్ మీది చారల గురించి, సైలెన్సర్ చప్పుడు గురించి రెండు పేజీలున్నాయి. ‘ఉద్యోగం పోతే’ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఎన్నో ఉత్తరాల్లోంచి దీన్ని తీసుకున్నది అందుకే. కారు బదులు శంకర్‌పల్లి దగ్గర ప్లాటు అని రాసేవాళ్లు, డాలస్‌లో రెండో ఇల్లు అని రాసేవాళ్లు నాకు ప్రతి నెలా తగులుతూనే ఉంటారు. అందరిదీ ఒకటే కథ. ఇంట్లో ఒక్క జీతం, ఆ జీతం వీసా మీద, ఆ జీతాన్ని చూపించే మూడు అప్పులు.

కారు మీద నాకు కోపం లేదు. మా నాన్నగారి పాత ఫియట్‌ను బాగు చేయించబోయి, 60 వేలని మొదలుపెట్టిన పనికి లక్షా 80 వేలు పోసినవాణ్ణి నేను. మెకానిక్ మోసం చేయలేదు. డోరు విప్పితేగానీ లోపలి తుప్పు ఎవరికీ కనపడదు. కాబట్టి పిచ్చి అంటే ఏమిటో నాకు తెలుసు. నేను పోసింది చేతిలో ఉన్న డబ్బు, అంతే తేడా.

మీ పెద్దాయన చెప్పే కబుర్లు కూడా నిజమే అయ్యుంటాయి. 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ లాంటి మధ్యరకం కారులో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజన్ పెట్టి జీటీఓ అని పేరు పెట్టారు. ఆ సైజు కార్లలో అంత ఇంజన్ పెట్టకూడదని సొంత కంపెనీ జనరల్ మోటార్స్ నియమం. ఇంజన్‌ను అదనపు ఆప్షన్‌గా చూపించి తప్పించుకున్నారు. ఆ తర్వాత ఆరేళ్లు డెట్రాయిట్‌లో పోటీయే పోటీ. 1970లో షెవెల్‌కే ఎల్ఎస్6 అనే 454 ఘనపు అంగుళాల ఇంజన్ పెట్టి 450 హార్స్‌పవర్ అని ప్రకటించారు. రాత్రిళ్లు కుర్రాళ్లు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పందేలు కాసేవాళ్లు. ఆ రోడ్డు మీదే 1995లో, ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందాల కోసం మొదలుపెట్టిన ఊరేగింపే మీరు చూసిన డ్రీమ్ క్రూయిజ్.

మరి ఆ కార్లు ఎందుకు పోయాయి? 1973 చమురు సంక్షోభం వల్ల అంటారు అందరూ. కానీ అంతకు ముందే, 1970 నాటికే, కుర్రాళ్లు కొనే పెద్ద ఇంజన్ల మీద బీమా కంపెనీలు ప్రీమియం విపరీతంగా పెంచేశాయి. కాలుష్య నిబంధనలు వస్తున్నాయని జనరల్ మోటార్స్ 1971 మోడళ్లలో ఇంజన్ల కంప్రెషన్‌ను, దాంతో పాటు బలాన్నీ తగ్గించేసింది. అరబ్ దేశాలు చమురు ఆపేసరికి ఈ కార్లకు సగం ప్రాణమే మిగిలింది. ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కారు కొనగలిగిన కుర్రాళ్లు కూడా దాన్ని ఇంట్లో ఉంచుకునే ఖర్చు దగ్గర ఓడిపోయారు. మీ లెక్కలో ఆ ఖర్చుకు చోటే లేదు.

సరే, మీ లెక్కే తీద్దాం. నెలకు మీకు మిగిలేది 1,100. 401కె అప్పు 45 వేలకు అయిదేళ్లలో, ఎనిమిదిన్నర శాతం వడ్డీ చొప్పున నెలకు 923 కట్టాలి. పర్సనల్ లోను 12 శాతానికి దొరికిందనుకుందాం, అదో 356. మొత్తం 1,279. అంటే కారు ఇంటికి రాకముందే నెలకు 179 డాలర్ల లోటు. తొమ్మిది శాతం వేసుకున్నా తెనాలిలో బంగారం మీద నెలనెలా ఆరు వేల రూపాయల వడ్డీ దీనికి అదనం. దాన్ని ఎవరు కడతారు? మీరు పంపే డబ్బులోంచి అమ్మగారే కట్టాలి!

ఇంతవరకు ఉద్యోగం ఉన్నప్పటి లెక్క. ఉద్యోగం పోయిన రోజు లెక్క వేరు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు కొత్త కంపెనీ వెతుక్కోవడానికో, వీసా హోదా మార్చుకోవడానికో, సర్దుకుని వెళ్లిపోవడానికో గరిష్ఠంగా అరవై రోజులు. ఐ-94లో (దేశంలో ఎప్పటివరకు ఉండొచ్చో రాసే రికార్డు) గడువు అంతకంటే ముందుగా ముగిస్తే ఆ రోజు వరకే. ఐ-140 ఆమోదమైందన్న ధైర్యం మీకు వీసా పొడిగింపుల దగ్గర ఉపయోగపడుతుంది గానీ, ఈ అరవై రోజులను అరవై ఒకటి చేయదు. ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా కూడా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద అదే బీమా కొనసాగించుకోవచ్చు కానీ, ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి. నలుగురున్న కుటుంబానికి నెలకు 2,200 అనుకోండి. మీ 7,800కు ఇది కలిపితే 10 వేలు. మీ దగ్గరున్నది 11 వేలు. అంటే ముప్పై మూడు రోజులు! చట్టం ఇచ్చే గడువులో సగం దాటగానే మీ డబ్బు అయిపోతుంది. మిగతా ఇరవై ఏడు రోజులు క్రెడిట్ కార్డు మీద బతకాలి.

గోరుచుట్టు మీద రోకలిపోటు ఏమిటంటే, ఆ 401కె అప్పు కూడా ఉద్యోగానికే కట్టేసి ఉంటుంది. ఏడాది తర్వాత ఉద్యోగం పోయిందనుకోండి. అప్పటికి ఇంకా 37 వేల పైచిలుకు బాకీ ఉంటుంది. చాలా ప్లాన్లలో ఆ తర్వాత కిస్తీలు కట్టే వీలుండదు. మర్నాటి ఏడాది పన్ను రిటర్ను గడువులోగా ఆ మొత్తాన్ని వేరే రిటైర్మెంట్ ఖాతాలో జమ చేయకపోతే, అదంతా మీరు తీసుకున్న ఆదాయం కింద లెక్క. 22 శాతం శ్లాబులో ఉంటే ఫెడరల్ పన్ను 8 వేలు, వయసు యాభై తొమ్మిదిన్నర దాటలేదు కాబట్టి పది శాతం జరిమానా 3,700, మిషిగన్ పన్ను ఇంకో 1,600. చేతిలో జీతం లేని ఏడాదికి 13 వేల పన్ను. ‘నా డబ్బే కదా, నాకే వడ్డీ కడతాను’ అని 401కె అప్పును సమర్థించుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

అప్పుడు కారు అమ్మేస్తానంటారు. ఏ కారును? షాపులో బాడీ ఒకచోట, ఇంజన్ ఒకచోట, సీట్లు అట్టపెట్టెల్లో ఉన్న కారునా? నా భయమంతా ఇక్కడే. ముప్పై రెండు వేలకు కొని, ఇరవై వేలు పోసి, సగంలో ఆపిన కారును యాభై రెండు వేలకు ఎవరూ కొనరు. ముప్పై రెండు వేలకు కూడా కొనరు, ఎందుకంటే ఇంకొకరు విప్పిన కారును బిగించడమంత తలనొప్పి పని లేదు. ప్లాటయినా, బంగారమయినా సగం ధరకు పోతుందేమో గానీ ముక్కలైపోదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నవాళ్లకు పాత కారు విప్పే అవకాశం రాలేదు. ఆ 38 వేల అంచనా కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. గంటకు వంద డాలర్ల కూలీ అనుకున్నా 380 గంటలకే డబ్బు సరి. ఇక రేకు, పెయింటు, క్రోమ్, ఇంజన్ పార్టులు దేంతో కొంటారు?

పెట్టుబడి అన్నారు కాబట్టి ఒక మాట. జనవరిలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో జరిగే పాత కార్ల వేలం పాటల్లో సుత్తి పడ్డ ధర టీవీలో కనిపిస్తుంది, ఆ కారుకు యజమాని పోసింది కనిపించదు. నష్టానికి అమ్మితే, సొంత వాడకపు వస్తువు కాబట్టి, ఆ నష్టాన్ని పన్నులో చూపించుకునే వీలు కూడా లేదు. 1970లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లంతా ఇప్పుడు డెబ్బై దాటారు. ఈ కార్ల మీద మమకారం వాళ్లదే ఎక్కువ. రేపు వాళ్లు అమ్మేవైపు ఉంటారు. పక్కింటి పెద్దాయన మంచి మనిషే అయ్యుండొచ్చు, కానీ ఆయనకు వీసా గొడవ లేదు, ఇంటి కిస్తీ కూడా ఉండకపోవచ్చు.

ఇంకొకటి, మీరు బయానా ఇచ్చేలోపు ఇది చూసుకోండి. 1970లో ఎస్ఎస్ అనేది ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే. 1968 వరకు కారు చాసిస్ నంబరు 138తో మొదలైతే ఎస్ఎస్ అని తెలిసిపోయేది, 1970 కారులో నంబరు చూసి చెప్పలేం. ఫ్యాక్టరీ వాళ్ల బిల్డ్ షీటో, మొదటి అమ్మకం కాగితాలో లేకపోతే, షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబూకి బ్యాడ్జీలు తగిలించి ఎస్ఎస్ ధర అడుగుతున్నారేమో ఎలా తెలుస్తుంది? ఆ బ్యాడ్జీ కూడా తమాషాయే. 396 అని రాసి ఉన్నా ఆ ఏడాది లోపలున్న ఇంజన్ 402 ఘనపు అంగుళాలది. కాగితాల ఊసే మీ ఉత్తరంలో లేదు.

బీమా దగ్గరికొస్తే, ఏనుగును కొని అంకుశానికి బేరమాడేవాళ్లే ఎక్కువ. ఇలాంటి కారుకు మామూలు పాలసీ తీసుకుంటే తరుగు పోగా మిగిలిన ధరే చేతిలో పెడతారు. ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువ రాసి ఉండే కలెక్టర్ కార్ల పాలసీయే కావాలి, బాగు చేయిస్తున్న కాలానికి కూడా వర్తించేది. వాటికి తాళం వేసిన గ్యారేజీ కావాలంటారు, రోజువారీ తిరగడానికి వేరే కారుండాలంటారు. మీ గ్యారేజీలో పట్టేది రెండు కార్లు, ఉన్నవీ రెండే. జనవరి మంచులో బయట నిలబడేది ఏదో ఇంట్లో మాట్లాడుకున్నారా?

కారు బీమా కంటే ముందు మీ ప్రాణానికి బీమా ఏది? కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఒక్కటే ఉందన్నారు. అది ఉద్యోగంతో పాటే పోతుంది. మీ భార్యకు ఆదాయం లేదు, చిన్నదానికి నాలుగేళ్లు. పది లక్షల డాలర్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల టర్మ్ పాలసీ ఈ నెలలోనే సొంతంగా తీసుకోండి.

ఆ తర్వాత అత్యవసర నిధి. నెలకు 10 వేల చొప్పున ఆరు నెలలకు 60 వేలు. షెవెల్‌కు మీరు వేసుకున్న ఖర్చుకు దగ్గర దగ్గరగా ఉందని మీకు నవ్వు రావచ్చు. నెలకు 1,100తో 49 వేలు కూడబెట్టాలంటే నాలుగేళ్లు దగ్గర పడుతుంది. ఇప్పుడున్న కారు కిస్తీ ముగిశాక ఆ డబ్బు కూడా ఇటే మళ్లించండి. 401కెలో కంపెనీ కలిపే వాటా వచ్చేంత వరకే కట్టి, మిగతాది ఈ నిధి నిండేదాకా ఇటు తిప్పండి. మామూలు సేవింగ్స్ ఖాతా చాలు, షేర్లొద్దు. ఇంటి మీద క్రెడిట్ లైన్ గురించి అడిగారు: వద్దు. పిల్లల చదువుకు 529 అనే పొదుపు ఖాతా సంగతి తర్వాత చూద్దాం.

నిధి నిండాక కారు కొనండి, నేను కాదనను. అప్పుడు కూడా విప్పి పెట్టింది కాదు, ఎవరో బాగు చేయించి, నష్టపోయి అమ్ముతున్న నడిచే కారు. ఎస్ఎస్ బ్యాడ్జీ లేని, 350 ఇంజన్ మాలిబూ అయినా వుడ్‌వర్డ్ మీద చప్పుడు అదే. 25 ఏళ్లు దాటిన కారు కాబట్టి మిషిగన్‌లో హిస్టారిక్ నంబరు ప్లేటు తీసుకోవచ్చు. ప్రదర్శనలకు, ఊరేగింపులకు వాడుకోవచ్చు, ఆగస్టు నెలంతా మామూలుగా తిప్పుకోవచ్చు. ఈలోపు శనివారాలు పెద్దాయన గ్యారేజీకి వెళ్లి స్పానర్లు అందించండి. తుప్పు ఎక్కడ దాక్కుంటుందో ఖర్చు లేకుండా తెలుస్తుంది.

అమ్మగారికి మాత్రం ఈ రాత్రే ఫోన్ చేయండి. గాజులు బ్యాంకుకు పట్టుకెళ్లొద్దని, బీరువాలోనే ఉంచమని చెప్పండి.