పెయ్యదూడను కొనండి, గాజులు కుదువ పెట్టకండి

ప్రశ్న: మాది తాడికొండ దగ్గర పల్లెటూరు. గుంటూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి 90 వేలు దాచుకున్నాను. 8 నెలల ఒంగోలు కోడెదూడ 45 వేలకు వస్తోంది. పెంచి పాలపళ్ల విభాగంలో అందాల పోటీలకు తీసుకెళ్లాలని కోరిక. నాన్నకు రెండు గేదెలు, అర ఎకరం పచ్చగడ్డి ఉన్నాయి. దాణా కిలో 30 రూపాయలు. ఒక్కో పోటీకి బండి కిరాయితో కలిపి 6 వేలవుతుందట. డబ్బు చాలకపోతే అమ్మ గాజులు కుదువ పెట్టవచ్చా?

జవాబు: గాజుల జోలికి వెళ్లకండి. అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే బంగారం అప్పుకు గడువు 12 నెలలు దాటదు. ఆ 12 నెలల్లో మీ దూడ ఒక్క రూపాయి కూడా తెచ్చిపెట్టదు.

ఒంగోలు జాతికి పాలపళ్లు ఊడి రెండు పెద్దపళ్లు వచ్చేది సాధారణంగా రెండేళ్లు దాటాకే. అంటే పాలపళ్ల విభాగంలో మీకున్న వ్యవధి దాదాపు 16 నెలలు. పచ్చగడ్డి, వరిగడ్డి ఇంట్లోవే అనుకున్నా, రోజుకు సగటున 2 కిలోల దాణాకు నెలకు 1,800 అవుతుంది. మందులు, పలుపులు, చిల్లర ఖర్చులకు 300 వేయండి. 16 నెలలకు 33,600. దూడ ధర 45 వేలు, రెండు పోటీలకు 12 వేలు కలిపితే 90,600. బీమా కట్టకముందే మీ డబ్బు అయిపోయింది. బహుమతి సొమ్మును ఈ లెక్కలో ఎక్కడా వేయకండి.

దూడకు 30 వేలు దాటి పెట్టవద్దు. అప్పుడు బీమాకూ, ఆపదకూ కలిపి 14,400 మిగులుతుంది. నన్నడిగితే కోడెదూడ కన్నా పెయ్యదూడ మేలు. ట్రాక్టర్లు వచ్చాక సేద్యానికి ఎద్దుల గిరాకీ పడిపోయింది. పోటీలో నెగ్గని కోడెకు మంచి బేరం దొరకడం కష్టం. పెయ్య ఓడినా మందలో నిలుస్తుంది. తొలి ఈత మూడున్నరేళ్ల ప్రాంతంలో కాబట్టి పాల డబ్బు మాత్రం ఇప్పట్లో ఆశించకండి. బండలాగుడు ఆలోచన ఉంటే మానుకోండి, దానికి జత కావాలి, ఖర్చంతా రెండింతలు. కొనే ముందు గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన కేంద్రానికి వెళ్లి అక్కడి ఒంగోలు మందను చూసి రండి. తెల్లటి ఒళ్లు, నల్లటి ముట్టె, నల్లటి కనురెప్పలు, నల్లటి తోక కుచ్చు, పొట్టి కొమ్ములు కళ్లకు అలవాటవుతాయి. అమ్మేవారిని తల్లి పాల గురించి తప్పక అడగండి.

దాణా ఇంట్లోనే కలిపితే కొంత కలిసొస్తుంది. 100 కిలోలకు మొక్కజొన్న నూక 35, తవుడు 32, వేరుశనగ చెక్క 30, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. వరిగడ్డిలో కాల్షియం తక్కువ కాబట్టి ఖనిజ మిశ్రమం దగ్గర పిసినారితనం వద్దు. బరువు టేపుతో తెలుస్తుంది: ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి 10,840తో భాగించండి, కొలతలు సెంటీమీటర్లలో. చుట్టు 130, పొడవు 110 అయితే 171 కిలోలు. బరువులో రెండున్నర శాతం ఎండు మేత, అంటే తేమ తీసేసిన లెక్కన, రోజుకు కావాలి.

ఎక్కువమంది నష్టపోయేది పోటీకి ముందు పదిహేను రోజుల్లో. నిగారింపు రావాలని ఒక్కసారిగా దాణా పెంచేస్తారు. కడుపులో పులుపు పెరిగి నెమరు ఆగిపోతుంది. మూడు రోజులకోసారి 200 గ్రాముల చొప్పున మాత్రమే పెంచండి. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందు వేయించండి. పోటీల్లో నలుమూలల పశువులూ ఒకచోట చేరతాయి కాబట్టి ఇందులో వాయిదా వద్దు.

నాన్నగారి పేరుతో పశువులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గుతుంది. అయితే ఆ అప్పు మేతకు, మందులకే. దూడ కొనడానికి కాదు.

బీమాకు కేంద్ర పథకమైన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, పశువైద్యశాలలో అడగండి. పశువు చెవికి గుర్తుగా వేసే పోగు మీది 12 అంకెలే క్లెయిముకు ఆధారం. అందం చెడుతుందని పోటీ రోజున దాన్ని తీయించకండి. ఊడిపోతే ఆ రోజే కొత్తది వేయించి, బీమా కంపెనీకి రాసి ఇవ్వండి.